చెయ్యి ఆగితే మొదటి పేజీ

మొన్న భిలాయి సెక్టర్ 7లో మా అమ్మాయి క్వార్టరుకి వెళ్ళినప్పుడు మనవరాలు తన ఫోను తెచ్చి నా ముక్కుకి ఆనించినంత దగ్గరగా పెట్టింది. "అమ్మమ్మా, దేఖో, మీ పేపర్ అబ్ ఫోన్‌లో వస్తోంది" అంది. చూస్తే నిజమే. అదే పేరు, అవే వాలు అక్షరాలు, పక్కన అదే పొగగొట్టం బొమ్మ. కింద మాత్రం ఒక కుర్రాడు మైకు పట్టుకుని, ఎవరింట్లోనో వాషింగ్ మెషీన్లో దూరిన పాము గురించి, అది తన మేనమామ అయినట్టు గొంతు చించుకుంటున్నాడు. నేను బఠాణీలు వలుస్తూ చూశాను. పాము సంగతి బాగానే ఉంది. అయితే నా చెయ్యి ఆగలేదు. ఆగలేదంటే అది మొదటి పేజీకి పనికిరాదు.

ఈ కొలత నాకు నేర్పినాయన పోయి ఏడాది దాటింది.

ఆ పేపరు ఎన్ని చేతులు మారిందో నాకు నోటికొచ్చు. మొదటి యజమాని ఆయన. తర్వాత పాత ఇనుము సేఠ్. ఆ తర్వాత కోచింగు మాస్టారు. ఆ పైన రాయపూర్ కంపెనీవాళ్ళు. ఇప్పుడెవరో ఫోనువాళ్ళు. మధ్యలో కొన్నాళ్ళు మాత్రం ఆ పేపరు నాది. నవ్వకండి. అయిదో తరగతి పరీక్షకి ముందే బడి మానేసిన మనిషికి దినపత్రిక ఏమిటని మా ఆయన నవ్వాల్సినంతా నవ్వేశాడు. మీకేమీ మిగల్చలేదు.

క్యాంప్ 1లో మా ఇంటికీ ఆ పేపరాయన ఇంటికీ అరుగు ఒకటే. నేను పెళ్ళయి విజయనగరం పక్క పల్లె నుంచి ఇక్కడికి వచ్చిన మర్నాడు మధ్యాహ్నం, ఆ అరుగు మీద పక్కింటి పిన్ని గోంగూర ఏరుతోంది. పిన్ని అంటే వరసకి కాదు, ఊరు కాని ఊళ్ళో మనకి మనం కట్టుకున్న వరస. ఎదురింటి నర్సమ్మగారు, కాకినాడావిడ, స్వెట్టరు అల్లుతోంది. నా ముందు కూడా ఒక చేటెడు కూర పెట్టారు. ఇంతలో లోపల్నుంచి పొడుగ్గా, సన్నగా, కరెంటు స్తంభానికి చొక్కా తొడిగినట్టున్న మనిషి ఒకాయన, పిన్ని భర్త, వచ్చారు. జేబులో మూడు పెన్నులు. కుడి బొటనవేలంతా నల్లటి సిరా. బోర్లించిన బకెట్టు మీద కూచుని, కళ్ళజోడు నుదుటి మీదికి ఎత్తి, "ఇనండి తల్లీ" అని మొదలెట్టారు. పవర్‌హౌస్ బజార్లో దుకాణం కాలిపోయిందట. ఫలానా నాయకుడు వస్తున్నాడట. నీళ్ళ పైపు పగిలిందట. 

చెప్పడం చెబుతున్నారు గానీ ఆయన చూపు మా మొహాల మీద లేదు. చేతుల మీద ఉంది! కొత్త కోడల్ని. పెద్దమనిషి నా చేతులకేసి అలా చూస్తూంటే నాకేం తోస్తుంది? చేతులు రెండూ కొంగులోకి లాక్కున్నాను.

"ఆగింది!" అని ఆయన బకెట్టు మీంచి లేచారు. "కొత్తమ్మాయి చెయ్యి ఆగింది. నీళ్ళ పైపు మొదటి పేజీ!"

పిన్ని గోంగూర కాడ విరుస్తూనే, "ఓలమ్మా, నీ చేతులికి బంగారం ఉన్నాదని కాదే సూస్తన్నది. వార్తకి నీ చెయ్యి ఆగుతాదా లేదా అని. ఆయనకి అదో పిచ్చి" అంది.

పిచ్చి కాదు, అదే ఆయన పద్ధతి. ఉక్కు ప్లాంటు కట్టే రోజుల్లో బొబ్బిలి వైపు నుంచి పనికి వచ్చి, ఆ పని వదిలేసి, వెనక గదిలో కాలితో తొక్కే అచ్చు మిషను పెట్టి, నాలుగు పేజీల హిందీ దినపత్రిక మొదలెట్టారు. తెల్లవారుజామున ఆ మిషను దడక్ దడక్ మంటే మా గిన్నెల అర కూడా తాళం వేసేది. షిఫ్టు సైరను కూసే వేళకి సైకిళ్ళ మీద ప్లాంటు గేట్ల దగ్గరికి పేపరు వెళ్ళాలి. ఏ వార్త ముందు, ఏ వార్త వెనక అన్నది మాత్రం మా అరుగు మీద తేలేది. 

"నోటికి మర్యాద తెలుస్తాదమ్మడూ," అనేవారు నాతో. "ఏటి సెప్పినా 'అయ్యో పాపం' అనీస్తాది. చెయ్యికి మర్యాద లేదు. నచ్చితే ఆగుతాది, నచ్చకపోతే దాని పని అది సేసుకుంటాది." 

ఊళ్ళో తెలుగువాళ్ళు ఆయన్ని ఎడిటరు గారనీ, హిందీవాళ్ళు సంపాదక్‌జీ అనీ అనేవారు. నాకు మాత్రం బాబాయిగారు. నా చెయ్యి మహా చపలం. దేనికైనా ఆగిపోయేది. నర్సమ్మగారి చెయ్యి ఆసుపత్రి వార్తలకి ఆగేది, అదీ తప్పులు పట్టడానికి. పిన్ని చెయ్యి మాత్రం ఆగేది కాదు. భూకంపం చెప్పినా, పక్క వీధిలో దొంగలు పడ్డారని చెప్పినా, ఆవిడ "ఊఁ" అనేది, కాడ విరిచేది. ప్రెస్సులో పనిచేసేవాళ్ళందరికీ రెండు పూటలా అన్నం ఆవిడే వండేది. "మీ వార్తలకి నాను ఆగిపోతే ఆళ్ళకి కూడెవలు ఒండుతారు? మీ ఎడిటరుగోరా?" అనేది. 

"మీ పిన్ని చెయ్యి ఆపిన వార్త దొరికిన్నాడు ఇంక నాకు పేపరెందుకమ్మడూ, కాశీ పోతాను" అనేవారు బాబాయిగారు.

"టిక్కెట్టు తీసుకోండి ముందు" అనేది పిన్ని.

నా చెయ్యి వల్ల ఆ పేపరుకి జరిగిన మేలు ఒకటి చెప్పాలి. ఒకసారి రాయపూర్ నుంచి చాలా పెద్ద నాయకుడు వచ్చి వెళ్ళాడు. రేపటి పేపరంతా ఆయనే అనుకున్నాం. బాబాయిగారు ఆ సంగతి అరగంట చెప్పారు. చివర్లో, ఎందుకైనా మంచిదని, మా వీధి చివరి నీళ్ళ ట్యాంకు మెట్లెక్కి ఒక మేకపోతు పైకి వెళ్ళి దిగలేక అరుస్తోందన్నారు. సరిగ్గా అప్పుడే నా అరికాలి మీద ఎర్రచీమ కుట్టింది. కూర వదిలేసి కాలు పట్టుకున్నాను.

"ఆగింది!"

"బాబాయిగారూ, చీమ!" అన్నాను.

"చీమ కుట్టినా ఆగిందంటే ఆగినట్టే. చీమకి మాత్రం వార్త తెల్దేటి?"

మర్నాడు మొదటి పేజీలో మేకపోతు, లోపలి పేజీలో నాయకుడు. ఆ రోజు గేటు దగ్గర పేపరు దొరకలేదని మా ఆయన వచ్చి చెప్పాడు. షిఫ్టులో అందరూ ఒకటే అడుగుతున్నారట, దిగిందా లేదా అని. సాయంత్రానికి మేక యజమాని, ఛత్తీస్‌గఢీ ఆయన, మేకపోతుని తాడుతో పట్టుకుని మా అరుగు ముందుకి వచ్చేశాడు. తిట్టడానికి వచ్చాడనుకుని నేను లోపలికి పరిగెత్తాను. చీమది తప్పని చెబుదామని సిద్ధపడ్డాను కూడా. 

"మోర్ బోక్రా ఫేమస్ హోగే, సంపాదక్ బాబూ!" అని ఆయన పళ్ళన్నీ బయటపెట్టి, "ఫోటూ కాబర్ నఇ ఛాపే?" అన్నాడు. నా మేకపోతు పేరు మోగిపోయింది గానీ ఫోటో ఎందుకు వెయ్యలేదని ఆయన బాధ.

బాబాయిగారు లేచి నిలబడి, ఆయనకీ మేకకీ కలిపి నమస్కారం పెట్టారు. "దిగేడా? ఎలగ దిగేడు? అది కదా ముందు సెప్పాల" అని తెలుగులోనే అడిగేసి, మళ్ళీ హిందీలోకి వెళ్ళారు. అంతా విని, నా వైపు తిరిగి, "సూసేవా అమ్మడూ, నిన్న మనం ఎక్కడమే ఏసేం. దిగడం ఎయ్యలేదు. సగం వార్త, సగం ఉడికిన పప్పు. రెండూ కడుపు నొప్పే" అన్నారు. దిగడం మర్నాడు వేశారు. అది కూడా మొదటి పేజీలోనే.

ఇంత పేరొచ్చినా పేపరు నడవడం కష్టమైపోయింది. కాగితం, సిరా, మిషను రిపేరు. నాకు ఆ లెక్కలు తెలీవు. ఒక మధ్యాహ్నం మాత్రం ఆయన బకెట్టు మీద కూచుని, కళ్ళజోడు ఎత్తి, రోజూలాగే "ఇనండి తల్లీ" అన్నారు. పైపుల సంగతి, బళ్ళ సంగతి చెప్పారు. చెప్పి, "భిలాయిలో ఒక చిన్న పేపరు చేతులు మారింది. పాత ఇనుము సేఠ్‌గారు కొన్నారు. పాత యజమాని జీతానికి ఎడిటరుగా ఉంటాడు" అన్నారు. ఇంకెవరిదో సంగతి అన్నట్టు.

నా చెయ్యి ఆగింది. నర్సమ్మగారి సూదులు ఆగాయి. 

పిన్ని చెయ్యి ఆగలేదు. "జీతమిస్తాడా?" అని మాత్రం అడిగింది.

"ఇస్తాడు. పేపరు ఒక్కరోజు కూడా ఆగకూడదన్నాను. సరేనన్నాడు. అదొక్కటే అడిగేను." ఆయన తన సిరా బొటనవేలు చూసుకున్నారు. "ఎవడు తోల్తేనేటి? బండి ఆగకూడదు."

అదీ ఆయన పట్టుదల. ఎవరికి అమ్మినా, ఎంత తగ్గినా, తెల్లారేసరికి పేపరు రావాలి. 

సేఠ్‌గారు మంచాయనే. ఆయనకి రిబ్బన్లు కత్తిరించడమంటే ప్రాణం. బట్టల కొట్టు తెరిచినా, బావి తవ్వినా కత్తెరతో హాజరు. ఆ ఫోటో మొదటి పేజీలో వెయ్యమనేవారు. బాబాయిగారు ఆ వార్త కూడా నిజాయితీగా మా అరుగు మీదికి తెచ్చేవారు. ఒక్క చెయ్యీ ఆగేది కాదు. వెళ్ళి, "సేఠ్‌జీ, క్యాంప్ ఒకటిలో ఒక్క చెయ్యి ఆగలేదు" అని చెప్పి ఫోటో వెనక్కి తోసేసేవారు. 

కొన్నాళ్ళకి సేఠ్‌గారికి అనుమానం వచ్చింది. ఎవరి చెయ్యి? ఎందుకు ఆగదు? ఒక మధ్యాహ్నం తెల్ల అంబాసిడరు వేసుకుని ఆయనే మా సందులోకి వచ్చేశారు. కారు సందులో ఇరుక్కుంది. ఆయన దిగి, నడిచి, చెమట తుడుచుకుంటూ అరుగెక్కి, బాబాయిగారి బకెట్టు మీద కూచుని, నిన్న తాను రిబ్బను కత్తిరించిన సంగతి స్వయంగా చెప్పడం మొదలెట్టారు.

అంత పెద్దమనిషి ఇంటికొస్తే కూర ఏరుతూ కూచుంటామా? ముందు లేచింది నేనే. టీ పెట్టాలని చేట కింద పెట్టేశాను. నర్సమ్మగారు స్వెట్టరు పక్కన పడేసి బిస్కట్లకని ఎదురింటికి పరిగెత్తింది. 

సేఠ్‌గారి కళ్ళు మెరిశాయి. "దేఖా, సంపాదక్‌జీ? సబ్ కా హాథ్ రుక్ గయా!" అందరి చేతులూ ఆగాయని ఆయన సంబరం; పిన్ని కాడ విరుస్తూనే ఉన్న సంగతి ఆయన కంట పడలేదు.

బాబాయిగారు నా వైపు చూసిన చూపు నాకిప్పటికీ గుర్తే. మర్నాటి నుంచి ఆరు నెలలు మొదటి పేజీ నిండా కత్తెరలే. ఊళ్ళో ఎక్కడ చూసినా రిబ్బన్లే. ఒక్క గ్లాసు టీతో పత్రికని ముంచినదాన్ని నేనేనని బాబాయిగారు వచ్చినవాళ్ళందరికీ నన్ను చూపించి మరీ చెప్పేవారు. అల్లం ఎక్కువ వేశానని పిన్ని కలిపేది.

సేఠ్‌గారి తర్వాత కోచింగు మాస్టారు కొన్నారు. అప్పుడు మొదటి పేజీ నిండా పిల్లల ఫోటోలు. అందరూ ఫస్టే. భిలాయిలో సెకండు వచ్చిన పిల్లవాడు పుట్టలేదేమో అనిపించేది. మాస్టారి తర్వాత రాయపూర్ కంపెనీవాళ్ళు తీసుకున్నారు. పేరు ఉంచి, లోపలంతా రాయపూర్ వార్తలు పోసి, భిలాయికి ఒక్క పేజీ వదిలారు. బాబాయిగారికి శాలువా కప్పి, అద్దం బిళ్ళ ఒకటి చేతిలో పెట్టి, "పెద్దవారు, ఇక ఆరామ్ చెయ్యండి" అన్నారు. పిన్ని ఆ శాలువాని గ్రైండరుకి కప్పింది. అద్దం బిళ్ళ ఆవకాయ జాడీ మీద బరువుకి సరిపోయింది.

"ఆపీలేదు కదా. వస్తంది కదా" అన్నారు బాబాయిగారు. 

ఆఫీసు పోయినా అరుగు పోలేదు. అదే వేళకి ఆయన పేపరు మడిచి పట్టుకుని వచ్చి, బకెట్టు మీద కూచుని, భిలాయి పేజీ ఒక్కటీ పైకి చదివేవారు. చదివి మా చేతులు చూసేవారు. చూసి, "ఇది మొదటి పేజీలో ఉండాల. ఎక్కడో మూల ఏసేరు" అని గొణిగేవారు. తర్వాత సుగరు ఆయన కళ్ళు తినేసింది. మొహాలు పోయాయి, అక్షరాలు పోయాయి, ఆఖరికి చేతులు కూడా పోయాయి. అప్పుడు పేపరు చదవడం నా మీద పడింది. 

ఎందుకు నా మీద పడిందంటే నర్సమ్మగారు రిటైరై కొడుకు దగ్గరికి సెక్టర్ 4కి వెళ్ళిపోయింది. వారానికోసారి వచ్చేది. పిన్నికి హిందీ అక్షరాలు రావు. నాకు వచ్చా? నేను ఆ పేపరు పెద్దక్షరాలు చూసి చూసి హిందీ నేర్చుకున్నదాన్ని. హెడ్డింగు వరకూ ఫరవాలేదు. చిన్నక్షరాల్లోకి దిగితే ఎడ్లబండి రాళ్ళ మీదికెక్కినట్టే. నేను ఒక వార్త ముగించేలోపు అందులోని దొంగని పట్టుకుని, కేసు నడిపి, శిక్ష పూర్తయి విడిచిపెట్టేసి ఉంటారు. బాబాయిగారు ఓపికగా వినేవారు. నేను ఎక్కడైనా ఆగిపోతే, "అక్కడ కామా ఉందా, నీకు దాహమేస్తందా?" అని అడిగేవారు.

ఒక ఉదయం పేపరు వేసే అతను ఖాళీ చేతుల్తో వచ్చాడు. "ఆజ్ సే నహీ ఆయేగా, దీదీ. కంపెనీ నే బంద్ కర్ దియా" అన్నాడు. కొన్నవాడు ఎవడూ లేడట. అమ్మకం కూడా కాదు, మూతే.

పిన్ని గుమ్మంలో నిలబడి విన్నది. బియ్యంలో రాళ్ళు ఏరుతూనే ఉంది. "ఆయనకి సెప్పకు" అంది గొంతు తగ్గించి. "ఒక్కదినం ఆగకూడదనే కదా మూడు తడవలు మారనిచ్చేడు. ఇప్పుడు ఆగిపోనాదంటే మనిషి ఉంటాడేటి?" 

నాకు గొప్ప ఆలోచన వచ్చింది. నా గొప్ప ఆలోచనల సంగతి మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. బీరువా అరలో పరిచిన పాత పేపరు తీసి, దుమ్ము దులిపి, మధ్యాహ్నం అరుగు మీద కూచున్నాను. బాబాయిగారి కళ్ళకి ఏ తేదీ అయితేనేం? పొద్దున కుళాయి దగ్గర విన్నవి, కూరల బజార్లో విన్నవి పోగేసుకుని ఉన్నాను. పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని మొదలెట్టాను. పవర్‌హౌస్ దగ్గర లారీ తిరగబడి టమాటాలన్నీ రోడ్డు మీద పడ్డాయని, పోలీసులు వచ్చేలోపు వీధి వీధంతా చట్నీకి సరిపడా ఏరుకుపోయిందని, గడగడా చదివేశాను. రెండో వార్త కూడా గడగడా. నా తెలివికి నాకే ముచ్చటేసింది. 

బాబాయిగారు చేతికర్ర తలని బొటనవేలితో రుద్దుతూ వింటున్నారు. రుద్దడం ఆపారు. 

"అమ్మడూ."

"ఆఁ, బాబాయిగారూ."

"పేపరు ఆగిపోనాదా?"

పేపరు ఇంకాస్త పైకెత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నాను. 

"నువ్వు సదివితే ఎడ్లబండి ఎల్లినట్టు ఉంటాది. ఇయ్యాల రైలులాగ ఎల్తన్నావు. హిందీ పేపరుని అంత బేగి నువ్వు ఈ జన్మకి సదవలేవు."

నా చదువు నన్ను అలా పట్టించింది. పిన్ని తల ఎత్తలేదు, చేతులు మాత్రం బియ్యంలో ఇంకా వేగంగా తిరుగుతున్నాయి. 

"ఎవులు కొన్నారు?" అన్నారు ఆయన.

"ఎవరూ కొనలేదు, బాబాయిగారూ."

సందులో ఎవరో బకెట్టు ఈడ్చుకెళుతున్నారు. ఆ చప్పుడు వీధి చివరిదాకా వెళ్ళిపోయాక అడిగారు. 

"టమాటాల సంగతి నిజమేనా?"

"నిజమే. నా కళ్ళతో చూశాను. మన మేకాయన సంచీతో ఏరుకున్నాడు కూడా."

"లారీ డ్రైవరుకి దెబ్బ తగిలిందా?"

"తెలీదు."

"ఎల్లి కనుక్కునిరా. సగం వార్త ఏటి? పేపరు ఆగలేదమ్మడూ, మల్లీ చేతులు మారింది. ఇకనించి నువ్వే ఓనరువి." 

పిన్ని వైపు చూశాను, ఆవిడైనా ఆపుతుందేమోనని. "ఎల్లవే," అంది పిన్ని, "ఓనరమ్మా."

మోకాళ్ళ నొప్పులతో పవర్‌హౌస్ దాకా వెళ్ళి, డ్రైవరుకి మోచెయ్యి గీరుకుందనీ, మిగిలిన టమాటాలు అతనే కూచుని అమ్మేస్తున్నాడనీ కనుక్కుని వచ్చాను. వచ్చేసరికి బాబాయిగారు అదే చోట కూచుని ఉన్నారు. 

అప్పట్నుంచి నా పేపరు రోజూ వచ్చింది. సెలవు లేదు. పండగ రోజు కూడా పిండి చేతుల్తో వేశాను. నాకు రూల్సు పెట్టారు. అత్తింటివాళ్ళ వార్తలు వెయ్యకూడదు. అప్పటికే మా ఆడపడుచు గురించి రెండు పెద్ద వార్తలు సిద్ధం చేసుకున్నాను, వృథా అయిపోయాయి. ఎవరి గొడవైనా ఇద్దరినీ అడగాలి. ఇద్దరినీ అడిగేసరికి ఇద్దరూ నా మీద పడేవారు. నేను చెబుతూంటే ఆయన వినేవారు, మధ్యలో ప్రశ్న వేసేవారు, ఆ ప్రశ్నకి జవాబు నా దగ్గర ఎప్పుడూ ఉండేది కాదు. మళ్ళీ చెప్పులు. మా ఆయన, "డ్యూటీలో ఉన్నన్నాళ్ళు నేనూ ఇంత తిరగలేదు" అనేవాడు. 

ఇప్పుడు చేతులు చూడటం కూడా నా పనే. "మీ పిన్ని చెయ్యి ఆగిందా?" అని రోజూ ఆఖర్న అడిగేవారు. 

"లేదు, బాబాయిగారూ."

"నీ పేపరు అమ్ముడవదు" అనేవారు, సంతోషంగా.

ఆయన పోయిన రోజు పొద్దున్న ఏ వార్తా లేదు. నిద్రలోనే పోయారు. నర్సమ్మగారు వచ్చి, ఇంకో పెద్ద పేపర్లో వేయిద్దాం అంది. "అది ఆయన పేపరు కాదు కదమ్మా" అంది పిన్ని. మరి ఎవరు వేస్తారు? ఓనర్ని నేనే. కొంగు బిగించి, క్యాంప్ సందులన్నీ ఇంటింటికీ వెళ్ళి చెప్పాను. ఆటో ఎక్కి సెక్టర్ 4కి, సెక్టర్ 7కి వెళ్ళి తెలిసినవాళ్ళ తలుపులన్నీ కొట్టాను. ఎవరింట్లో చెప్పినా చేతులు ఆగాయి. చపాతీ పిండి మీద ఆగాయి, కుట్టు మిషను మీద ఆగాయి. ఆ మేకాయన క్షౌరం చేయించుకుంటూ సగం గడ్డంతో లేచి వచ్చేశాడు. నేను తిరిగొచ్చేసరికి సందు పట్టలేదు. 

పిన్ని ఆయన పక్కన కూచుని ఉంది. పొయ్యి వెలిగించకూడదు, చేతులకి పని లేదు. కొంగు అంచుని మడత పెడుతోంది, విప్పుతోంది, మళ్ళీ మడత పెడుతోంది. ఆ రోజు కూడా ఆగలేదు.

పెద్దకర్మ అయిపోయి చుట్టాలు వెళ్ళాక, ఒక మధ్యాహ్నం మళ్ళీ అరుగు మీదికి చేరాం. బకెట్టు బోర్లించి ఉంది, ఎవరూ కూచోలేదు. పిన్ని ముందు లాల్ భాజీ, ఎర్రటి కూర, వేళ్ళన్నీ రంగు పట్టాయి. నర్సమ్మగారు ఏదో అల్లుతోంది. ముగ్గురం మాట్లాడుకోలేదు. మా మధ్యన ఆ వేళకి మాట్లాడే మనిషి వేరే ఉండేవారు కదా.

నాకు నోరు ఊరుకోదు. బజారు నుంచి వస్తూ ఒకటి చూశాను. 

"పిన్నీ, విను. మేకాయన మనవడు లేడూ, మీసాలు కూడా వచ్చేశాయి, వాడు రీలు తీసుకుంటానని ఫోను పట్టుకుని నీళ్ళ ట్యాంకు ఎక్కేశాడు. ఎక్కి కిందికి చూశాడు. కళ్ళు తిరిగాయి. దిగలేక పైన కూచుని అరుస్తున్నాడు. కింద తాతయ్య నిలబడి, 'అరే, నీకంటే నా మేకపోతే నయంరా, అది ఏడవలేదు' అని తిడుతున్నాడు. వీధి వీధంతా అక్కడే ఉంది."

నర్సమ్మగారు నవ్వు ఆపుకోలేక సూదులు వదిలేసింది. 

పిన్ని చెయ్యి ఆగింది. 

ఎర్రటి వేళ్ళ మధ్య కాడ అలాగే ఉండిపోయింది. ఆవిడ తల లోపలి గది వైపు తిప్పి, నవ్వు గొంతుతో, "ఇన్నారేటి? మీ మేకాయన మనవడట..." అని పిలిచేసింది. 

గదిలోంచి ఎవరూ పలకలేదు. నేనూ నర్సమ్మగారూ ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. 

కాసేపటికి పిన్ని నా వైపు తిరిగింది. "మరి దిగేడా?"

ఈ వార్త అందరికంటే ముందు నేనే తేవాలన్న ఆత్రంలో దిగేదాకా నిలబడలేదు. ఇన్నాళ్ళ ఓనరు పని, ఇంత తర్ఫీదు, తెచ్చింది మళ్ళీ సగం ఉడికిన పప్పే. 

"చూడలేదు, పిన్నీ."

"సూడలేదా? ఆయన ఉంటే నీకు ఏటి సెప్పీవోరు?" 

చెప్పులు వెతుక్కున్నాను. ఒకటి అరుగు కింద, ఒకటి బకెట్టు పక్కన. మెట్టు దిగుతూ వెనక్కి చూస్తే పిన్ని అలాగే కూచుని ఉంది, కాడ విరవకుండా, రెండు చేతులూ కూర మీద పెట్టుకుని.

"బేగి ఎల్లి కనుక్కునిరా," అంది. "నువ్వొచ్చినదాకా చెయ్యి ఆపుకుని కూకుంటాను."